బాయిలర్ చిన్నదా పెద్దదా

ఇంటికి పనిమీద వచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపితే రెక్సమ్ ఊళ్లో పరువు పోతుంది. అందుకే గ్లెనిస్ కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి కెటిల్ పెట్టింది. నీళ్లనీ, ఇంటినీ వేడిచేసే పాత గ్యాస్ బాయిలర్ పోయినవారం మొరాయించి ఆగిపోయింది. కొత్తది ఏ సైజుది పెట్టాలో చూడ్డానికి వచ్చిన గెథిన్ గదిగదికీ తిరిగి, గోడలకి బిగించిన, గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు చూస్తున్నాడు. వెనకాలే ఆమె భర్త అల్విన్, పునాది నుంచీ ఇల్లంతా తనే కట్టినట్టు, అన్నిటికీ జవాబులు చెప్తున్నాడు.

"ఆ వెనక గది వదిలెయ్. అందులో ఎవరూ ఉండరు. ఈవిడ కుట్టు సామాను పడేసుకుంటుంది, అంతే."

గ్లెనిస్ చేతిలో చెంచా ఆగింది. ఊళ్లో సగం మంది పెళ్లిగౌన్లు ఆ గదిలోనే కొలతలకి కుదురుతాయి. నవంబరు వచ్చిందంటే కాళ్లమీద దుప్పటి కప్పుకుని, వేళ్లు కత్తిరించిన గ్లవుజులు తొడుక్కుని కుడుతుంది. అక్కడి రేడియేటర్‌ని అల్విన్ ఏనాడో కట్టేశాడు. "ఒక్క మనిషి కోసం గ్యాస్ తగలెయ్యాలా? ఇంకో స్వెటర్ వేసుకోరాదూ" అన్నాడు. అప్పుడు నవ్వేసి ఊరుకుంది. ఇప్పుడు నవ్వడానికీ ఓపిక లేదు. స్నానం సంగతీ అంతే. ట్యాంకులో వేడినీళ్లు ముందు అల్విన్‌కి, తర్వాత అత్తగారు నెస్టాకి, ఆ తర్వాత గిన్నెలకి. తన వంతు వచ్చేసరికి గోరువెచ్చగా కూడా ఉండవు. ఒకసారి నోరు తెరిచి అడిగితే నెస్టా మూతి తిప్పింది. "మా రోజుల్లో ఇంటిల్లిపాదీ ఒకే తొట్టి నీళ్లతో కానిచ్చేవాళ్లం. చివర దిగేది ఎప్పుడూ నేనే. నాకేమైనా అయిందా?" అయింది, అనుకుంది గ్లెనిస్. అయింది కాబట్టే ఇప్పుడు నన్ను చివర నిలబెట్టావు.

ఆమె టీ పట్టుకెళ్లేసరికి గెథిన్ అడుగుతున్నాడు. "పొద్దున వేడినీళ్లు ఎంతమంది వాడతారు? దాన్నిబట్టే సైజు చెప్పాలి."

"అమ్మా, నేనూ. ఇద్దరం."

"మరి ఈవిడ?"

"ఆవిడ సర్దుకుపోతుందిలే. కదా గ్లెనిస్?"

"దానికి చలే తెలీదయ్యా, గట్టి ఒళ్లు" అంది సోఫాలోంచి నెస్టా.

'పర్లేదు' అనే మాట నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లుగా ఆ మాట పిలవకుండానే వస్తోంది. ఈసారి దాన్ని బయటికి రానివ్వలేదు. కోపం కూడా కాదు, చచ్చేంత అలసట. పెద్ద బాయిలర్ కావాలని అడగాలి, వీళ్లని ఒప్పించాలి, ఆ తర్వాత ఆ గదిలో వెచ్చదనం కోసం రోజూ పోట్లాడాలి. తల్చుకుంటేనే నీరసం వచ్చింది. ఆ పోట్లాట తను చెయ్యక్కర్లేదని కూడా అప్పుడే తోచింది. కుట్టుమిషన్ ఎక్కడ పెట్టినా కుడుతుంది.

టీ కప్పు గెథిన్ చేతికిచ్చింది.

"చిన్నదే పెట్టండి. ఆయన లెక్క సరిగ్గానే ఉంది" అంది. "మీరిది బిగించేనాటికి ఈ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే."