అర గ్లాసు బత్తాయి రసం

అచ్చిబాబుకి భీమవరం పక్కన నాలుగెకరాల రొయ్యల చెరువు. 2003 వానాకాలంలో చెరువులోకి దిగినప్పుడు నత్తగుల్ల తగిలి ఎడమ అరికాలు తెగింది. గుడ్డ కట్టుకుని ఊరుకున్నాడు. ఐదోరోజుకి కాలు మోకాలిదాకా వాచింది, ఒళ్లు కాలిపోయింది, మూత్రం ఆగిపోయింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకెళ్లి కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయన్నారు రాజమండ్రి ఆస్పత్రిలో. డయాలసిస్ మొదలెట్టారు.

భార్య రత్నమాణిక్యం మంచం పక్కనుంచి కదల్లేదు. డాక్టర్ ఉమాశ్రీ రోజూ ఆమె కోసం రెండు నిమిషాలు ఆగేది.

“క్రిముల్ని చంపడానికి ఒంట్లో కొన్ని చురుకైన పదార్థాలు పుడతాయమ్మా. మితిమీరితే అవి మన కణాల్నే దెబ్బతీస్తాయి. వాటిని అదుపులో పెట్టేవి యాంటీ ఆక్సిడెంట్లు. మీవారికి అవి బాగా తగ్గిపోయాయి.”

అవి బత్తాయిల్లో బోలెడుంటాయని పక్కమంచం సుబ్బాయమ్మ చెప్పింది. మర్నాడు పొద్దున్న అచ్చిబాబు నాలిక పిడచకట్టుకుపోతోందంటే, రత్నమాణిక్యం అర గ్లాసు రసం తీసి తాగించింది. ఆ సంగతి డాక్టరుకి తనే సంబరంగా చెప్పింది.

ఉమాశ్రీ ముఖం మారిపోయింది. వెంటనే రక్తం తీయించి, ఈసీజీ చూసి, సాయంత్రం చెయ్యాల్సిన డయాలసిస్ అప్పుడే పెట్టించింది.

“అందులో పొటాషియం ఉంటుందమ్మా. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె ఆగిపోవచ్చు. పళ్లరసంతో తీరేది కాదిది. ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి. సగమే చెప్పి వెళ్లిపోయాను, నాదీ తప్పే.”

డయాలసిస్ అయ్యాక రత్నమాణిక్యం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

“ఇలా రా మాణిక్యం.”

“నా చేతులతో నేనే మిమ్మల్ని చంపుకునేదాన్నండి.”

“దాహమన్నది నేనే కదా.” ఆమె చెయ్యి అందుకున్నాడు. “అయినా, ఎంత బాగుందో ఆ రసం!”

ఆమె ఏడుస్తూనే నవ్వేసింది.

ఆ రోజు నుంచి మంచినీళ్లైనా డాక్టరు చెప్పిన కొలతే. ఆ కాసిని నీళ్లూ సాయంత్రందాకా సరిపోయేలా చెంచాతో పట్టేది. మధ్యలో తడిగుడ్డతో పెదాలు అద్దేది.

పన్నెండోరోజు మధ్యాహ్నం మంచానికి వేలాడే మూత్రం సంచీలో పచ్చగా ఏదో కనిపించింది.

“డాక్టరమ్మగారూ, వచ్చిందండీ!” వార్డంతా వినబడేలా కేకేసింది.

“మెల్లిగా అనవే!” అచ్చిబాబు సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఉమాశ్రీ వంగి గీతలు చూసింది. “ఎనభై ఎం.ఎల్. ఇంకా పెరుగుతుందమ్మా.” ఆమె కళ్లూ చెమ్మగిల్లాయి.

మరో మూడు వారాలకి డయాలసిస్ అవసరం లేదని ఇంటికి పంపారు. ఎడమకాలి వేళ్లు రెండు పోయాయి. బస్సెక్కుతుంటే అతని బరువంతా రత్నమాణిక్యం భుజం మీదే ఉంది. ఆమె తొందరపడకుండా, ఒక్కో మెట్టూ ఎక్కించింది.