శుభలేఖలతో చేసిన జేబులు

మైదాపిండి బంక ఉడికేటప్పుడు గరిటె తిప్పడం ఆపకూడదు. ఆపితే ఉండ కడుతుంది, కాగితం సరిగ్గా అతుక్కోదు. అందుకని ఒక చేత్తో బంక తిప్పుతూ, రెండో పొయ్యి మీద చారు పొంగకుండా చూసుకుంటూ, వరండాలో పిల్లలు కత్తెర కోసం కొట్టుకోకుండా ఇక్కణ్ణుంచే కేకలేస్తూ ఉన్నాను. ఏంజెల్, సందీప్ మా చంటి పిల్లలు. చంటి అంటే నా కొడుకు. నలభై దాటాయి, నరసరావుపేటలో ఇన్సూరెన్సు ఆఫీసులో పెద్ద కుర్చీయే, అయినా నాకు చంటే.

ఈ బంక పని నిజానికి మా కోడలు హెప్సిబాది. మా సంఘంలో ప్రతి క్రిస్మస్‌కీ విధవరాండ్రకు చీరలు పెడతారు. ఒకటే తాను, ఒకటే వెలిసిన రంగు. అందరం కట్టుకుని వరసగా కూర్చుంటే ఆసుపత్రి ఆయమ్మల్లాగా ఉన్నామని నేనోసారి నవ్వితే, పక్కనున్న సుగుణమ్మ వదిన మోచేత్తో పొడిచింది. ఆ మాట ఎట్లా చేరిందో ఏమో, ఈ ఏడు పాస్టరమ్మగారు చీరలు మానేసి బట్టల షాపు గిఫ్టు కార్డులు తెప్పించారు. ఎవరికి నచ్చింది వాళ్ళే వెళ్ళి తీసుకోవచ్చు. కార్డును ఊరికే చేతిలో పెడితే ఏం బాగుంటుంది, సండే స్కూలు పిల్లలచేత జేబుల్లాంటి కవర్లు చేయించమని హెప్సిబాకు చెప్పారు. హెప్సిబా పగలంతా బడిలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వస్తుంది. "అత్తయ్యా, పిల్లల దగ్గర మీరు కూర్చోండి. ఎటూ ఇంట్లోనే ఉంటారుగా" అంది.

ఉంటాను మరి. ఎక్కడికి పోతాను.

బీరువా మీద పాత శుభలేఖల కట్టొకటి ఉంది. మెరిసే అట్టలు, బంగారు రంగు అంచులు. వాటిని మధ్యకు మడిచి, రెండు పక్కలా అంటించి, పైన మూతలాగా వదిలి, మూత మీద నక్షత్రం. మడత నేను పెట్టాలి, కత్తిరింపు ఏంజెల్, నక్షత్రాలు సందీప్. ఒక పూట ముచ్చటగా చేశారు. సందీప్ బంక అంటించుకున్నదానికన్నా నాకిందే ఎక్కువ. వాడు నాకుతాడని తెలిసే నేను అందులో పురుగు పట్టకుండా వేసే మైలుతుత్తం కలపలేదు. తెల్లారి చూస్తే బొద్దింకలు బంకంతా తిని పోయాయి, జేబులన్నీ నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. పిల్లలకు అప్పటికే విసుగొచ్చింది, టీవీ ముందు చేరారు. నేనే సూదీ దారం తీసి, అట్టల అంచులన్నీ కాజా కుట్టు వేసుకుంటూ మళ్ళీ మొదటినుంచీ చేశాను. కళ్ళు నీళ్ళు కారాయి, సూది దిగక బొటనవేలు వాచింది. హెప్సిబా వాటికి ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టింది. కింద ఏం రాశావని అడిగితే చదివి వినిపించింది: మా పిల్లలు ఎంత చక్కగా చేశారో చూడండి.

పోనీలే అనుకున్నాను. ఎందుకంటే ఆ రోజుల్లో నా మనసంతా ఇంకోచోట ఉంది. ఆ జేబుల్లో ఒకటి నాదే కదా. కుట్టు కుట్టుకూ షాపు మెట్లెక్కుతున్నాను.

నేను ఎన్నడూ చీర ఎంచుకోలేదు. పెళ్ళికి మా అమ్మ ఎంచింది. తర్వాత మా ఆయన కృపావరం ఎంచాడు. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర మేస్త్రీ ఆయన. పండక్కి ముందు సున్నం కొట్టుకుపోయిన చొక్కాతోనే షాపుకు వెళ్ళి ఓ కవరు తెచ్చి మంచం మీద పడేసేవాడు. నేనూ వస్తానంటే, "నువ్వొస్తే తెల్లారుద్ది. ఆడోళ్ళకి చీర కొనాలంటే మగోడే పోవాల" అనేవాడు. తెచ్చింది కట్టుకుని కనపడితే తలెత్తి చూసింది లేదు. ఆయన పోయాక సంఘం ఎంచింది. మధ్యలో హెప్సిబా పాతవి. ఇన్ని చీరలు చిరిగేదాకా కట్టాను గానీ, ఇది నాకు నచ్చింది అన్న చీర ఒక్కటీ లేదు.

పేర్లు రాసే రోజు వచ్చింది. ఏంజెల్ చేతిరాత ముత్యాలే. స్కెచ్‌పెన్నుతో ఒక్కో జేబు మీద ఒక్కో పేరు రాసి పైకి చదువుతోంది. సుగుణమ్మ గారు. ఎస్తేరు గారు. నేను ఆరబెడుతూ వింటున్నాను. అయిపోయింది.

"ఏమే, నాదేది?" అన్నాను, పెద్ద పట్టనట్టే.

"లిస్టులో నీ పేరు అమ్మ కొట్టేసింది నానమ్మా. నువ్వు విడోస్‌లోకి రావంట. మాతో ఉంటున్నావుగా."

పిల్ల మాటలో కల్మషం లేదు. పేర్లు ఆరాయో లేదో చూసుకుంటోంది. నేను లోపలికొచ్చి అవసరం లేకపోయినా బియ్యం ఏరుతూ కూర్చున్నాను. వాళ్ళతో ఉండటం అంటే ఏమిటి? పొద్దున అందరూ వెళ్ళాక తలుపేసుకుంటే, సాయంత్రం దాకా నేను నోరు తెరిచేది కూరలబండి ఆమెతోనే. వాళ్ళొచ్చాక నాతో మాట్లాడేవన్నీ ప్రశ్నలే. మోటారు ఆపావా, యూనిఫాం ఆరిందా, టిఫినుందా. తింటున్నప్పుడు నవ్వుకుంటారు, ఆ నవ్వు దేనికో నేను చట్నీ తెచ్చేసరికి అయిపోతుంది. కృపావరం ఉన్నప్పుడు కూడా నేను ఒంటరిదాన్నే అనుకోండి, కానీ అప్పుడు దానికి పేరు లేదు. ఇప్పుడు ఒక పేరుంది, ఏడాదికోసారి సంఘంలో పిలుస్తారు. అది కూడా తీసేశారు.

హెప్సిబాను అడిగితే తల దించుకుంది. "నేను కాదత్తయ్యా, ఆయనే వద్దన్నాడు." రాత్రి అన్నం దగ్గర చంటి ఆ మాటే తెచ్చాడు. "ఇన్నాళ్ళంటే ఏదో సాగింది. ఇప్పుడు నేను సంఘం పెద్దని. నా తల్లి దిక్కులేనోళ్ళ వరసలో నిలబడితే నన్నేమంటారు? నీకు ఏంది తక్కువ? చీరేగా, నేనే తెస్తా."

ఆ "నేనే తెస్తా" అచ్చం వాళ్ళ నాన్న గొంతు.

మర్నాడు వంట మొదలుపెట్టకుండానే పాస్టరమ్మగారి ఇంటికి నడిచాను. ఆవిడ కాఫీ పెడతానంటే వద్దన్నాను, కూర్చుంటే మళ్ళీ చెప్పలేనేమోనని. "అమ్మగారూ, నా పేరు మా ఇంట్లోవాళ్ళు కొట్టేశారు. నేను కొట్టెయ్యలేదు" అన్నాను. ఆవిడ సరేనని తలూపింది.

క్రిస్మస్ ఆరాధనలో సుగుణమ్మ వదిన వెనక నా పేరు పిలిచారు. లేచి వెళ్ళి నా జేబు అందుకున్నాను. పెద్దల బెంచీ మీద చంటి పాటల పుస్తకంలోకి చూస్తున్నాడు. ఆ పూట నుంచీ నాతో మాట్లాడలేదు. హెప్సిబా మాత్రం గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన నిలబడి, తోమినవి కడిగి పెట్టింది.

తర్వాతి ఆదివారం ఆరాధన అవగానే అందరూ చెప్పులేసుకుంటుంటే, "మీరు పొండి నాయనా, నేను తర్వాత వస్తా" అన్నాను.

"అన్నం?" అన్నాడు చంటి. క్రిస్మస్ తర్వాత నాతో అన్న మొదటి మాట.

"బియ్యం డబ్బాలో ఉన్నై."

షాపులో సాయి ప్రియ అని ఒక పిల్ల ఎదురొచ్చింది. పొద్దుటినుంచీ నిలబడే ఉందేమో, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతోంది. "ఎవరికి మామ్మా, కోడలికా, మనవరాలికా?" నాకేనన్నాను. "ఏ రంగు చూపించను?"

ఇంటిల్లిపాదికీ ఏ కూరలో ఎంత కారం కావాలో చెప్పగలను, సందీప్‌కు ఏ చొక్కా గుచ్చుకుంటుందో చెప్పగలను. నాకు ఏ రంగు ఇష్టమో నాకు తెలియదు. ఆ పిల్ల ఎదురుచూస్తోంది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, ఇంట్లో వాళ్ళకు ఆకలేస్తూ ఉంటుందన్న సంగతీ గుర్తొచ్చింది.

చీరలు పరిచి చూపించే పరుపు మీద కాళ్ళు మడిచి కూర్చున్నాను.

"అన్నీ దించమ్మా. నువ్వూ కాసేపు కూర్చో. నాకేం తొందర లేదు."