నెత్తురు నాది

మాస్టరమ్మ చేతిలోంచి కత్తెర లాక్కున్నది సొంత తమ్ముడే. పరాయివాడైతే నాలుగు దులిపి పంపేసేది. తోడబుట్టినవాడు, పైగా కళ్ళనీళ్ళు పెట్టుకుని లాక్కున్నాడు. ఏం చేస్తుంది?

వాళ్ళది ప్యాంట్లు కుట్టే దుకాణం. కొలతలు, కటింగ్ ఆవిడవి, అందుకే మాస్టరమ్మ అనే పేరు; మిషన్ తమ్ముడిది. ఎప్పుడో ఒంట్లో దూరిన కామెర్ల వైరస్ చాప కింద నీరులా పాకి, ఆవిడ లివరును గట్టిపరిచేసింది. లివర్ అనగానే వీధి వీధంతా ‘తాగేదట’ అని చెవులు కొరుక్కుంది. “తాగుంటే తాగాననే చెప్పేదాన్ని. మీకు భయపడేదాన్నా?” అని గుమ్మంలో నిలబడే అడిగింది.

ఆ నోటిని ఎవరూ మూయించలేకపోయారు గానీ, ఒక రక్తపరీక్ష ఆవిడను మంచానికి కట్టేసింది. రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతోందని రిపోర్టులో వచ్చింది. అంతే, తమ్ముడి గుండె జారిపోయింది. కత్తెరలు, సూదులు బీరువాలో పెట్టి తాళం వేశాడు. కూరగాయల కత్తిని అటక ఎక్కించాడు. చివరికి దువ్వెన పళ్ళు కూడా వేలితో తడిమి చూసి మరీ ఇచ్చాడు. కాలు కింద పెడితే ఎక్కడ తగిలి నెత్తురు కారుతుందోనని మంచం దిగనివ్వలేదు.

“నేనేమన్నా గాజుబొమ్మనట్రా?” అంటే, “అక్కా, నీ రక్తం నీళ్ళయిపోయింది. నా మాట విను” అనేవాడు. వాడి ప్రేమ మంచిదే. మంచి ప్రేమతోనే మనిషిని మూలన కూర్చోబెట్టొచ్చని వాడికేం తెలుసు!

అలా వారాలు గడిచాక ఒక ఉదయం ఆవిడ ఎడమ పిక్క సలపరించింది. తడిమి చూస్తే వెచ్చగా, బిగుసుకుపోయి ఉంది. మరదల్ని పిలిచి టేపు తెమ్మంది. టేపు చెయ్యి కొయ్యదు కదా అని ఆ పిల్ల ధైర్యంగానే తెచ్చిచ్చింది. ఎన్నో కాళ్ళు కొలిచిన చెయ్యి, తన కాళ్ళు కొలుచుకోవడం అదే మొదలు. కుడి పిక్క కంటే ఎడమది బాగా లావుగా ఉంది.

“లివర్ నీరే అక్కా. కాళ్ళు వాస్తాయని ముందే చెప్పారుగా” అన్నాడు తమ్ముడు.

“లివరుకి కుడి మీద ప్రేమ, ఎడమ మీద పగ ఉంటాయా? వాస్తే రెండూ వాయాలి. ఇది వేరే ఏదో, లోపల నెత్తురు కట్టిందో ఏమో. పద ఆస్పత్రికి.”

“గడ్డ కట్టిందంటావా? నీ రక్తం అసలు గడ్డే కట్టదు కదే!”

“నాకేం తెలుసు, నేను డాక్టర్నా? చూపించుకుందాం. నువ్వు రాకపోతే ఒంటికాలి మీద గెంతుకుంటూ అయినా పోతా.”

అన్నంత పనీ చేసింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా గెంతేసరికి, మరదలు ఒకవైపు భుజం అందించింది. “ఇంకా చూస్తారేం? ఆటో పిలవండి” అని మొగుణ్ణి కసిరింది. ఆ పిల్ల కసరడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

స్కాన్ చేశారు. కాలి లోపలి నరంలో రక్తం గడ్డకట్టి ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు!

“ఎలా కడుతుందండీ? రిపోర్టు అబద్ధమా?” అని తమ్ముడు డాక్టరమ్మ మీద పడ్డాడు.

“అబద్ధం కాదు, సగం నిజం” అందావిడ. “రక్తాన్ని గడ్డకట్టించే సరుకు చాలావరకు లివరే తయారుచేస్తుంది. అతిగా కట్టకుండా ఆపే సరుకులోనూ చాలా భాగం అదే చేస్తుంది. జబ్బుపడితే రెండూ తగ్గుతాయి. ఆ పరీక్ష మొదటిదాన్నే చూస్తుంది. అందుకే ఇలాంటివాళ్ళకి రక్తం కారనూవచ్చు, గడ్డ కట్టనూవచ్చు. కదలకుండా పడుకోబెడితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.”

తమ్ముడి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అది చూసి మాస్టరమ్మ తిట్టాలనుకున్న తిట్లన్నీ మింగేసింది.

గడ్డ పెరగకుండా ఇంజెక్షన్ ఇవ్వాలన్నారు. ముందు నోట్లోంచి గొట్టం వేసి గొంతు కింద అన్నవాహికలో నరాలు చూశారు; లివర్ జబ్బులో అవి ఉబ్బి చిట్లితే రక్తం కారుతుందట. ఉబ్బాయి గానీ కొద్దిగానే. “మందు వల్ల రక్తం కారే ప్రమాదం కొంత ఉంది, కనిపెట్టి చూసుకుంటాం. ఇవ్వకపోతే గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అది ప్రాణం మీదికొస్తుంది. ఇవ్వడమే మేలని నా సలహా. ఇక మీ ఇష్టం” అంది డాక్టరమ్మ.

“వద్దు!” అన్నాడు తమ్ముడు. “పలచని రక్తానికి ఇంకా పలచబరిచే మందా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట!”

“ఆవిడ అడిగింది నన్ను” అంది మాస్టరమ్మ. “కారితే నాది కారుతుంది, కడితే నాది కడుతుంది. నెత్తురు నాది. ఇవ్వండమ్మా.”

భయం లేక కాదు. అయినా ఎత్తిన తల దించలేదు.

నర్సు ముందు పరీక్షకని మోచేతి దగ్గర రక్తం తీసింది. సూది బయటికి రాగానే తమ్ముడు దూకి దూది అదిమిపట్టాడు. నర్సు ఇంజెక్షన్ సిద్ధం చేసుకుని వచ్చింది. వాడు అక్కకు అడ్డంగా వంగి, ఇంకా అలాగే అదిమి ఉన్నాడు.

“ఇక వదలండి, ఆగిపోయి ఉంటుంది” అంది నర్సు. వాడు వినలేదు. వేళ్ళు తెల్లబడ్డాయి, ముక్కు ఎగపీలుస్తున్నాడు.

“నా వల్లేనే అక్కా. తీస్తే మళ్ళీ కారుతుందేమోనే.”

మాస్టరమ్మ రెండో చేత్తో వాడి తల నిమిరింది.

“నన్ను బతికించాలని చాలా తంటాలు పడ్డావురా. ఇక నన్ను బతకనివ్వు. వేలు తియ్యి.”