లక్కకూ జిగురుకూ పందెం

రాబియా కోడలు పెండ్లయి ఏడాది తిరక్కముందే అత్తను కుంపటి ఆర్పేయమన్నదట, ఇద్దరికీ మాటల్లేవట, ఇక పొయ్యిలు వేరుపడటమే తరువాయట. ఎదురింటి రాజమణి కూరగాయల బండి దగ్గర అంటే గల్లీ అంతా విన్నది. రాజమణి చెవిలో నువ్వుగింజ పడితే నోట్లోంచి గుమ్మడికాయ వస్తుంది. ఇందులో నిజం కుంపటి ఒక్కటే.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో రాబియాది లక్క గాజుల పని. కుంపటి మీద లక్కను మెత్తబరిచి, చివరలు అతకని రేకు కడియానికి పట్టించి, వేడి మీదే రాళ్లు ఒత్తుతుంది. ఆ పొగకు దగ్గు పట్టుకుంది. కోడలు షిఫా కెమిస్ట్రీలో డిగ్రీ చేసింది. అత్త దగ్గినప్పుడల్లా ఆ పిల్లకు నిద్ర పట్టదు. లక్క మానేసి, రెండు ట్యూబులు కలిపితే బిగిసే జిగురు వాడదామన్నది.

"లక్క కంటే గట్టిదా అది?" అన్నది రాబియా.

"మస్తు గట్టిది అమ్మీ. దాంట్ల అణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటయి. ఇద్దరు ఒకటే దుప్పటి కప్పుకున్నట్టు. ఒకరు లేచి పోదామన్నా ఇంకొకరు వదలరు. జిగురంతా గట్ల ఒకటే వల. లక్కల గట్ల కాదు. ముద్దకు ముద్ద ఊరికె ఆనుకొని ఉంటది, సిటీ బస్సుల జనం లెక్క. జర వేడి తగిలితె ఎవరి దారి వారిదే."

"మరి ఉప్పు రాయి గూడ గట్టిగనె ఉంటది గద, దాంట్ల గూడ దుప్పటేనా?"

"అది ప్లస్సు మైనస్సుల పట్టు. నిప్పులల్ల ఏసినా తొందరగ కరగది. నీళ్లల్ల ఏస్తె మాత్రం గంతే."

"మీ మామ లెక్క," అన్నది రాబియా. "నా లొల్లికి కరగడు, బిర్యానీ వాసనకు కరుగుతడు."

లోపల రాబియా మొగుడు అస్లాం పేపరు మడిచిన చప్పుడైంది.

చివరికి పందెం కుదిరింది. హరిచందన అనే అమ్మాయి పెండ్లి గాజుల కోసం వస్తుంది. ఎడమ చేతికి అత్త లక్క గాజు, కుడి చేతికి కోడలి జిగురు గాజు. కోడలి గాజుకు ఆ పిల్ల వంక పెట్టకపోతే కుంపటి అటకెక్కుతుంది. పెడితే షిఫా మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

హరిచందన మేనత్త స్వరూపను వెంటబెట్టుకుని వచ్చింది. రాబియా తన గాజును కుంపటి మీద వెచ్చజేసి, కర్రకు తొడిగి కొంచెం సాగదీసి, చల్లారాక ఎక్కించింది. వెన్నలా పోయింది. షిఫా గాజు మాత్రం బిగువు. స్వరూప సబ్బు రాసి, మేనకోడలి వేళ్లు నలిపి, ఎలాగో తోసింది.

"ఇప్పుడు గడపకు కొట్టుండ్రి అక్కా," అన్నది షిఫా.

హరిచందన రెండు చేతులూ కొట్టింది. ఎడమ చేతి గాజులోంచి రాయి ఒకటి ఎగిరి చెప్పుల మధ్య పడింది. కుడి చేతిది చెక్కుచెదరలేదు. షిఫా ముఖం దీపావళి అయింది. రాబియా కుంపటి మీద మూత పెట్టబోయింది.

"మంచిగున్నయి ఆంటీ. ఇగ తియ్యున్రి," అన్నది హరిచందన.

ఎడమది వచ్చింది. కుడిది రాలేదు. సబ్బు రాశారు, నెయ్యి రాశారు, ప్లాస్టిక్ కవరు తొడిగి లాగారు. చెయ్యి ఉబ్బి గాజు ఇంకా బిగిసింది.

"నేను మీ గాజు కొలతే తీసుకున్న కద అమ్మీ," అన్నది షిఫా.

"నేనెప్పుడూ ఒక పిసరు బిగువుగనె చేస్త. పిల్ల ఎదురుంగ వెచ్చజేసి ఆమె చేతికి తగ్గట్టు సాగదీస్త."

"ఆ ముచ్చట ముందు చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా? దుప్పట్లు, బస్సులు అనుకుంట కూసుంటివి. ఇప్పుడు వెచ్చజేస్తె వదుల్తదా?"

"వదలదు. మాడుతది గని కరగది."

హరిచందన చెయ్యి చప్పున వెనక్కి తీసుకుంది.

"అయితె నేనే గెల్చిన," అన్నది రాబియా, దగ్గు ఆపుకుంటూ.

"ఎట్ల గెలుస్తరు? రాయి ఊడింది మీదే. అక్కా, నిజం చెప్పుండ్రి, నా గాజుల ఒక్క రాయన్న ఊడిందా?"

హరిచందన ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"రాయీ ఊడలే, గాజూ ఊడలే. మీ పందెం తెగేదాంక నా చెయ్యి ఈడ్నే ఇడిసిపెట్టి పోవాల్నా?"