కుల్సుమ్‌బీ అరచేతుల వేడి

మామిడి కాలం వచ్చిందంటే కొల్లాపూర్ మండీల్లో కాయలు మాగబెట్టడానికి గడ్డి పరుస్తారు. ఎల్లన్న మండీలో ఆ పని లేదు. కుల్సుమ్‌బీ వచ్చి పచ్చి కాయల గంపలో చేతులు పెట్టి కూర్చుంటుంది. చాయ్ తాగేలోపు గంపంతా పసుపు తిరుగుతుంది. ఆమె తల్లి చేతులూ అంతే. కుల్సుమ్‌బీ ఆలస్యంగా వస్తే ఎల్లన్న గొణుగుతాడు, అంతే.

ఈ ఏడు ఆమె మెడలో థైరాయిడ్ గడ్డ లేచింది. క్యాన్సర్. గాలిగొట్టాన్ని చుట్టుకుంది, కోసి తీయలేమన్నారు. మాట గుసగుస అయింది. పడుకుంటే ఊపిరాడదు, గంజి తప్ప దిగదు. అయినా తన మెడను తాను తాకలేదు. తాకితే గడ్డ పండుతుందని భయం. స్నానం కూతురు ముబషిరానే చేయించాలి.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. "సన్న సూది గడ్డలోకి దింపి, కొసకు వేడి ఇస్తాం. రోగం పోదు. గడ్డ కొంచెం కుంచించుకుంటే ఊపిరి తేలికవుతుంది."

వేడి అన్న మాట వినగానే కుల్సుమ్‌బీ లేచి వెళ్లిపోయింది. ముబషిరా బిత్తరపోయి కుర్చీలోనే ఉండిపోయింది.

మర్నాడు మండీలో ఎల్లన్న కూడా, "వేడి పెడ్తరా? పండి పలుగుతది గద చిన్నమ్మా" అన్నాడు.

ముబషిరాకు మండింది. ఒక కాయ తీసి తల్లి చేతుల్లో పెట్టి, పైన తన చేతులు బిగించింది. "పండినంక గూడ ఇడువకు అమ్మీ. ఎన్నడన్న గట్ల పట్టుకున్నవా?"

పట్టుకోలేదు. పసుపు తిరగ్గానే వదిలేయడమే అలవాటు. ఇప్పుడు కాయ పండింది, నల్లబడింది, రసం వేళ్ల సందుల్లోంచి కారి ఆవిరైంది. చేతులు తెరిస్తే కాయంతా కుంచించుకుపోయి టెంకంత బొగ్గు.

ఎల్లన్న వేళ్ల మధ్య బీడీ చుర్రుమనిపించేదాకా ఎవరూ కదల్లేదు. కుల్సుమ్‌బీ తన చేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"మరి సూదెందుకు? చేతులే పెట్టుకోరాదు?" అన్నాడు ఎల్లన్న.

"చేతులైతే మెడంత కాలుతది. సూదైతే గడ్డలనే" అంది ముబషిరా.

కుల్సుమ్‌బీ ఒప్పుకుని మళ్లీ దవాఖానకు పోయింది. సూది దిగింది. వారాలు గడిచేకొద్దీ గడ్డ తగ్గింది. రోగం అక్కడే ఉంది, గాలికి జర జాగ ఇచ్చింది. ఒక మధ్యాహ్నం తల్లి వెల్లకిలా పడుకుని ఉంది. ఎప్పుడూ వినపడే ఊపిరి ఈల వినపడక, ముబషిరా ఆమెను కుదిపి లేపింది.

"నిద్ర పోనియ్యవానే?" అంది కుల్సుమ్‌బీ.

మళ్లీ మండీకి వచ్చి గంపలో చేతులు పెట్టింది. చాయ్ అయింది. ఇంకో చాయ్ కూడా అయింది. కాయలు పచ్చగానే ఉన్నాయి. ముబషిరా తల్లి అరచేతులు తాకి చూసింది. చల్లగా ఉన్నాయి.

ఎల్లన్న గంపలోంచి ఒక కాయ తీసి నొక్కి చూశాడు.

కుల్సుమ్‌బీ కత్తి అడిగింది. పచ్చి ముక్క కోసి, ఉప్పూ కారం అద్ది, నమిలింది. అందరూ ఆమె గొంతునే చూస్తున్నారు. ముక్క దిగింది.

"పులుపు," అంది. బొంగురుగానే, కానీ రోడ్డు దాకా వినపడింది. "ఎల్లన్నా, గడ్డి తెప్పించుకో బిడ్డా."