ఎరుపు తగ్గేదాకా

ఇంకా పద్నాలుగు నిమిషాలు, గోడ గడియారం ముల్లుకి కూడా బద్ధకమే, కాలికి కట్టే ప్లాస్టిక్ బ్రేస్ విప్పాక ఇరవై నిమిషాల్లో ఎరుపు పోవాలి, పోకపోతే ఎక్కడో ఒత్తుతున్నట్టేనమ్మా అనేసి బ్రేసులు చేసే పెద్దాయన పక్క బల్ల మీద ఎవరిదో ప్లాస్టిక్ అంచు అరగదీసుకుంటున్నాడు, తల్లి పాప మడమ వంక చూసే ధైర్యం లేక కింద పడున్న బూట్ల వంక చూస్తోంది, వెండిపువ్వుల బూట్లు, సన్నగా ముద్దొస్తాయి, బ్రేస్ చేతికి రాకముందే కొనేసింది, ముందు బ్రేస్, తర్వాతే బూటు, ఒక సైజు పెద్దది, వెడల్పుది చూడండి అని ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, ఆయనకేం, ఆ పడవల్లాంటి నల్లబూట్లేసుకుని నలుగురిలో తిరిగేది ఆయన కూతురా, పొడుగు మేజోళ్ల మీద ఇవి తొడిగితే లోపల బ్రేస్ ఉన్నట్టే తెలియదు, ఆడపడుచు అయ్యో పాపం అనదు, ఆ అయ్యో వింటే ఒళ్లు మండిపోతుంది.

తొమ్మిది నిమిషాలు, రోజూ పొద్దున చెంచా కాడ బూటు వెనక దోపి మడమని లోపలికి తోసేది, పట్టీ ఇంకాస్త బిగించేది, మొదటి వారం మంటమ్మా అంది పాప, కుంటిసాకులు చెప్పకు అంది తను, అనేశాక నాలుక కరుచుకుంది, పట్టీ మాత్రం వదులు చెయ్యలేదు, రెండో వారం ఏడిస్తే ఇంట్లో ఒక్కదాన్నే వదిలేసి పోతానంది, మూడో వారం నోరెత్తలేదు, చూశారా, అలవాటైపోయింది అని భర్త దగ్గర గొప్ప చెప్పుకుంది.

పెద్దాయన వచ్చి బొటనవేలితో నొక్కి చూశాడు, ఎరుపు పోలేదు, మధ్యలో చర్మం చిరిగి తడి తేలింది, ఎన్నాళ్లనుంచి ఇలా ఉందమ్మా అన్నాడు, ఈరోజే అని నోట్లోంచి వచ్చేసింది, ఆయన ఆమెని వదిలేసి పాప ముందు గొంతుక్కూర్చున్నాడు, నొప్పిగా ఉందా తల్లీ అన్నాడు, ఆరేళ్ల పిల్ల ఆయన వంక చూడలేదు, ముందు అమ్మ మొహం చూసింది, కనుబొమల దాకా వెతికింది, లేదు తాతా, అమ్మ కొన్న బూట్లు బాగున్నాయి అంది, అని నవ్వింది, ఇన్నాళ్లూ తను అలవాటనుకున్నది భయం, ఈ నవ్వూ భయమే, లోకంలో ఈ పిల్ల అందరికన్నా ఎక్కువ భయపడేది తల్లికే.