ఖాళీ కుర్చీకి చెప్పిన మాట

నేను ఒక పేము కుర్చీని. పేరుకి కుర్చీనే గాని, లాకులపాలెం చర్చిలో నాకున్నంత గౌరవం మనుషుల్లో చాలామందికి లేదు. ఆ గౌరవం వల్లే ఒక ఆడమనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

నా చట్రం టేకు. నన్ను అల్లినవాడు మిషన్ వారి కుష్ఠు ఆసుపత్రిలో రోగి. అతనికి రెండు చేతులకీ కలిపి ఆరు వేళ్ళే మిగిలాయి. పేము పట్టీని పళ్ళతో బిగించి పట్టి, ఆ ఆరు వేళ్ళతోనే అల్లాడు. నన్ను తీసుకున్న దొరసాని ఇంట్లో పనివాళ్ళు ఫినాయిలుతో మూడుసార్లు కడిగితేగాని నన్ను గదిలోకి రానివ్వలేదు. వాళ్ళే చాటుగా నాలో కూర్చున్నాక మాత్రం, ఎంత హాయిగా ఉందో అనుకున్నారు. మనుషుల సంగతి నాకు అర్థం కావడం అక్కడ మొదలైంది.

దొరసాని తన దేశం వెళ్ళిపోతూ నన్ను ఈ చర్చికి ఇచ్చింది. ఇక్కడ ఆడవాళ్ళ వైపు చాపలు పరుస్తారు. ఆ చాపల ముందు నేనొక్కదాన్నే కుర్చీని. నాలో కూర్చునే హక్కు పాస్టరు గారి భార్యది. ఆమెను ఊరంతా అమ్మగారంటారు, వయసు ఇరవై అయినా అరవై అయినా.

ఆరాధన అయ్యాక మగవాళ్ళు బయట వేపచెట్టు కింద కబుర్లలో పడతారు. అప్పుడు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని, నా చేతి మీద చెయ్యి వేసి, తమ బాధ గుసగుసగా చెప్పుకుంటారు. అమ్మగారు విని తల ఊపాలి. ఆ మాట దేవుడికి తప్ప ఇంకెవరికీ, అయ్యగారికి కూడా, చెప్పకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకసారి విన్నదాన్ని అమ్మగారు మళ్ళీ అడగకూడదు. అడిగితే, మొదటిసారి చెప్పింది దేవుడి దాకా వెళ్ళలేదని అర్థం.

సంతోషమ్మగారు పదకొండేళ్ళు నాలో కూర్చుంది. భారీ మనిషి. ఎప్పుడూ ఎడమ పక్కకి కాస్త ఒరిగి కూర్చునేది. నా అల్లిక అక్కడ పల్లం పడిపోయింది. ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక బుధవారం ఆమె గుండె ఆగింది. ఆమెను చర్చి వెనకాలే పాతిపెట్టారు. నెల తిరక్కుండా అయ్యగారికి బదిలీ అయింది. ఆ తరవాత పధ్నాలుగు నెలలు ఊరికి పాస్టరు లేడు. ఉపదేశి గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవారు.

అయినా ఆడవాళ్ళు నా దగ్గరికి రావడం మానలేదు. ఖాళీగా ఉన్న నా పక్కన అలాగే గొంతుక్కూర్చుని, అలాగే చెప్పుకున్నారు. ఒకామె మొగుడి తాగుడు, ఒకామె కోడలు దాచుకునే కూర. తల ఊపడానికి నాకు మెడ లేదు. అయినా బరువు దించుకున్న మొహాలతో లేచి వెళ్ళేవాళ్ళు. పాపం, వీళ్ళకి వినే మనిషి కూడా అక్కర్లేదు, చెప్పుకోవడానికి ఒక చోటుంటే చాలు, అని నవ్వుకునేదాన్ని.

సువార్తమ్మ వచ్చిన రోజున మాత్రం నవ్వలేదు.

ఆమె కొడుకు ఆశీర్వాదం. ఇరవై రెండేళ్ళవాడు. కాలవలో పేరుకున్న గుర్రపుడెక్క మొక్కలు తీసే పనికి వెళ్ళేవాడు. మధ్యాహ్నం పన్నెండింటికి తల్లి కారేజీ పట్టుకెళ్ళేది. ఒకనాడు పులుసు మరగలేదని కాస్త ఆలస్యమైంది. ఆకలిగా ఉన్నా ఊరికే కూర్చోలేక, లాకుల దగ్గర ఈతకి దిగాడు. గుర్రపుడెక్క వేళ్ళు కాళ్ళకి చుట్టుకున్నాయి. తల్లి కారేజీతో గట్టు మీదికి వచ్చేసరికి నీళ్ళ మీద ఏమీ లేదు. రెండు రోజులకి కింది లాకు దగ్గర తేలాడు.

ఇది జరిగిన మూడు నెలలకి, వాన పడుతున్న ఒక గురువారం, చర్చిలో ఎవరూ లేనప్పుడు, ఆమె వచ్చి నా చేతి మీద చెయ్యి వేసింది. చెయ్యి చల్లగా ఉంది.

"మిట్టమజ్జానం అయ్యేసరికి పిలుత్తన్నాడండి అమ్మగారండీ," అంది, నాలో ఎవరో కూర్చుని ఉన్నట్టే పైకి చూస్తూ. "నీళ్ళల్లోంచి. అన్నం తెచ్చేవా అమ్మా, అంటన్నాడు. దిగి ఎల్లమంటారా?"

తరవాత తల కొద్దిగా పక్కకి వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి "అలాగేనండి" అని తనలో తను అనుకున్నట్టు అని, కొంగు నెత్తిన కప్పుకుని వానలోకి వెళ్ళిపోయింది. నాకు భయం వేసింది. కానీ ఆ మర్నాడు, ఆ మర్నాడు కూడా ఆమె బతికే ఉంది. ప్రతి ఆదివారం వచ్చేది. నాతో మళ్ళీ ఏమీ చెప్పలేదు.

పది నెలలు గడిచాయి. కొత్తగా గురుపట్టా అందుకుని పాస్టరైన బర్నబాసు గారిని మా ఊరికి వేశారు. ఆయన వెంట భార్య హెప్సీబా. పెళ్ళయి అయిదు నెలలు. ఇరవై మూడేళ్ళు. వాళ్ళ వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. అందుకేనేమో, ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని చెప్పడం ఆమెకి పరీక్ష తప్పినంత పనిగా ఉండేది.

పూలదండలు వేసి ఇద్దర్నీ లోపలికి తీసుకొచ్చారు. స్త్రీల సమాజం సెక్రటరీ రాహేలమ్మ హెప్సీబాని నా దగ్గరికి నడిపించి కూర్చోబెట్టింది. ఆ పిల్ల నాలో కూర్చోగానే ఆ పాత పల్లంలోకి జారి, ఎడమకి ఒరిగింది. "మా అమ్మగారు మరీ బక్కపలచనండి. సంతోషమ్మగారి కుర్చీలో మిమ్మల్ని ఎతుక్కోవాలి," అంది రాహేలమ్మ. అందరూ నవ్వారు. హెప్సీబా కూడా నవ్వింది గాని, సరిగ్గా కూర్చుందామని రెండుసార్లు జరిగి చూసింది. రెండుసార్లూ అందులోకే జారింది.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు వచ్చారు. కొత్తవి చెప్పడానికి కాదు, పాతవి అడగడానికి. "నా సంగతేవైందండీ అమ్మగారండీ?" అని ఒకామె. "నేను చెప్పింది గుర్తుందాండీ?" అని ఇంకొకామె. ఖాళీ కుర్చీకి చెప్పుకున్నా, అమ్మగారి కుర్చీకే కదా చెప్పుకున్నారు. అందులో ఎవరు కూర్చుంటే వాళ్ళకి అవన్నీ తెలిసిపోతాయని వాళ్ళ లెక్క. హెప్సీబాకి ఏ సంగతో తెలియదు. మళ్ళీ అడగకూడదన్న కట్టుబాటు మాత్రం రాహేలమ్మ ముందే చెప్పి ఉంచింది. ఆ పిల్ల నెమ్మదిగా తల ఊపింది.

ఆ శనివారం చర్చి ఊడుస్తూ మొగుడికి చెప్పుకుంది. వీళ్ళు నాకు ఎప్పుడో ఏదో చెప్పినట్టు మాట్లాడుతున్నారండీ, నాకేమో ఒక్కటీ అంతుపట్టడం లేదు, అంది. ఆయన ప్రసంగం కాగితాల్లోంచి తల ఎత్తకుండా, తల ఊపితే పోయేదేముంది హెప్సీ, అన్నాడు. కొత్తగా పట్టా తీసుకున్నవాడు. మాట మీద ఉన్నంత నమ్మకం వినడం మీద ఇంకా లేదు.

తల ఊపడం బాగా పనిచేసింది. రెండు నెలల్లో కొత్త అమ్మగారికి పెద్ద పేరు వచ్చింది. మాట్లాడదు గాని అన్నీ తెలుసు, అన్నారు. సమాజం వాళ్ళు ఆమెకి నీలం అంచు తెల్లచీర పెట్టారు. అది సంతోషమ్మగారు కట్టే రకం. కొన్నాళ్ళకి ఆమె ఎడమకి ఒరిగి కూర్చోవడానికి ప్రయత్నమే అక్కర్లేకపోయింది. నడక కూడా అచ్చం ఆవిడదే, అని చాపల మీద ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఒక ముసలామె కళ్ళు సరిగా ఆనక "సంతోషమ్మగారండీ" అని పిలిచింది. హెప్సీబా "ఆఁ" అంది. అన్న తరవాత నా చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

ప్రభు సంస్కారం ఇచ్చిన ఆదివారం అది. అయ్యగారు రెండో ఊరి ఆరాధనకి తొందరగా బండెక్కి వెళ్ళిపోయారు. గోడ గడియారం పదకొండున్నర దాటింది. ఆడవాళ్ళందరూ అయ్యాక, చిట్టచివర సువార్తమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. తలకి నూనె రాసుకుంది. నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఏడాది ఆగేనండి అమ్మగారండీ. ఇంక ఎల్లమంటారా?"

హెప్సీబా ఆమె మొహంలోకి చూసింది. కూతురి ఊరికో, అన్నగారింటికో వెళ్ళాలనుకుంటోంది కాబోలు అనుకుంది. నాకున్న నాలుగు కాళ్ళతోనూ నేలని తన్నాలనిపించింది. కుర్చీ కాళ్ళు దేనికీ పనికిరావు.

హెప్సీబా తల ఊపింది. అది చాలదనుకుందో ఏమో, మొదటిసారి మాట కూడా అంది.

"వెళ్ళమ్మా. దేవుడు నీకు తోడుంటాడు."

సువార్తమ్మ అమ్మగారి చెయ్యి కళ్ళకద్దుకుని, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

హెప్సీబా లేవబోయింది. విరిగిన పేము పుల్ల ఒకటి ఆమె చీర అంచుని పట్టుకుంది. కావాలని ఆపాను అని చెప్పుకోవాలని ఉంది. నిజానికి పాత పేముకి అది మామూలే. ఆమె వంగి అంచు విడిపించుకుంటూ ఉండగా, చాపలు చుడుతున్న రాహేలమ్మ అడిగింది.

"సువార్తమ్మకి ఏం చెప్పేరండీ? కొడుకు పోయేక ఆవిడ నవ్వగా చూళ్ళేదు నేను. గుమ్మంలో కారేజీ పెట్టి లోపలికొచ్చింది, ఇప్పుడు అది పట్టుకుని ఒకటే నడక."

కారేజీ ఎవరికని అడిగింది హెప్సీబా.

"అదేంటండీ, మీకు తెలీదా ఏంటి? అయ్యగారు లేనన్నాళ్ళూ అందరం ఈ కుర్చీకేగా చెప్పుకున్నాం."

"కుర్చీకా?" అంది హెప్సీబా.

మొదటిసారి, కట్టుబాటు పక్కన పెట్టి అడిగింది. సువార్తమ్మ కొడుకు ఎలా పోయాడు, ఎక్కడ పోయాడు, ఏ వేళప్పుడు. రాహేలమ్మ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి గడియారం వైపు చూసింది. పన్నెండుకి ఎనిమిది నిమిషాలుంది. ఇద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. అంచు పుల్లకే చిరిగి ఉండిపోయింది.

చర్చిలో నేనొక్కదాన్నే. మిట్టమధ్యాహ్నం ఖాళీ చర్చి ఎలా ఉంటుందో మీకు తెలియదు. బయట ఒక్క కాకి అరవదు. ఆ గడియారం పన్నెండు కొట్టడం విన్నాను. ఆ తరవాత కాలవ వైపు నుంచి ఏ చప్పుడూ రాలేదు. నేను ఎంతోమంది బాధ విన్నాను గాని, వినడానికి ఏమీ లేకపోవడం అంత భయంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

చాలాసేపటికి ముగ్గురూ వచ్చారు. ముగ్గురూ తడిసి ఉన్నారు. జరిగింది రాహేలమ్మ ఆయాసపడుతూ ఎవరికో గుమ్మంలో చెబుతుంటే విన్నాను. సువార్తమ్మ గొంతు లోతు నీళ్ళలో ఉందట. అన్నం తడవకుండా కారేజీ నెత్తిన పెట్టుకుని, మెల్లిగా ముందుకి నడుస్తోందట. హెప్సీబాకి ఈత రాదు. అయినా దిగి జుట్టు దొరకబుచ్చుకుంది. రాహేలమ్మ పడవవాళ్ళ గడకర్ర అందించి ఇద్దర్నీ లాగింది.

హెప్సీబా సువార్తమ్మని తెచ్చి నాలో కూర్చోబెట్టింది. అందులో అమ్మగారు తప్ప ఎవరూ కూర్చోకూడదని రాహేలమ్మ అనబోయి, ఎందుకో ఊరుకుంది. హెప్సీబా నా పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది. నా చేతి మీద చెయ్యి వేసింది.

"నాకేమీ తెలీదమ్మా. నువ్వు చెప్పింది ఒక్క మాటా నేను వినలేదు. తెలిసినట్టు తల ఊపాను. అందరికీ అలాగే ఊపాను. నన్ను క్షమించు."

సువార్తమ్మ కొంగులోని నీళ్ళు నాలోంచి కారి నేల మీద పడుతున్నాయి. ఆమె ఆ పిల్ల మొహంలోకి చూసింది. కోపం లేదు. అర్థం కాక చూసింది.

"మరి నన్ను ఆగమన్నదెవరండీ?"

"ఎప్పుడు?"

"వానలో వచ్చి చెప్పుకున్న రోజునండి. ఈ కుర్చీలోంచే. ఆగు సువార్తమ్మా, కొత్తావిడ వత్తాది, ఆవిణ్ణి అడిగి ఎల్లు, అన్నారు. అందుకేగా ఏడాది ఆగింది. లేపోతే ఆవేళే పోదును."

రాహేలమ్మ శిలువ గుర్తు వేసుకునే రకం కాదు, కానీ ఒక అడుగు వెనక్కి వేసింది. హెప్సీబా నా వైపు చూసింది. ఎవరన్నారో తెలుసన్నట్టు తల ఊపడానికి అది మంచి సమయం. ఊపలేదు.

"నాకు తెలీదు," అంది. తరవాత ఆమె చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు మళ్ళీ మొదటినుంచీ చెప్పు. నేను వింటాను. నీళ్ళల్లోకి మాత్రం వెళ్ళొద్దు," అంది.

సువార్తమ్మ చెప్పింది. పులుసు మరగని దగ్గర్నుంచి చెప్పింది. హెప్సీబా మధ్యలో ఆపి అడిగింది, అడిగిందే మళ్ళీ అడిగింది. సాయంత్రం అయ్యగారు వచ్చేసరికి కూడా ఇద్దరూ అలాగే ఉన్నారు.

మరుసటి ఆదివారం హెప్సీబా అందరి ముందూ, మీరు చెప్పుకున్నవి నాకు చేరలేదు, మళ్ళీ చెప్పండి, అని ఒప్పుకుని చాప మీద కూర్చుంది. కొందరు మూతి ముడుచుకున్నారు. ఇద్దరు వేరే చర్చికి మారిపోయారు. ఉన్నవాళ్ళు మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు. రోజూ పన్నెండయ్యేసరికి సువార్తమ్మ కారేజీ తీసుకుని పాస్టరు గారింటికి వస్తుందట. ఇద్దరూ కలిసి తింటారట. పిలుపు ఇంకా వినిపిస్తోందా అని హెప్సీబా రోజూ అడుగుతుందట. వినిపిస్తోందండి, అని ఆమె రోజూ నిజమే చెబుతుందట.

నన్ను వెస్ట్రీలో, అంటే పాస్టరు అంగీ మార్చుకునే గదిలో, పనిచేయని మైకు పక్కన పడేశారు. ఇక్కడ ఎవరూ కూర్చోరు. తీరిక చాలా ఉంది. ఆ వాన రోజు గురించే ఆలోచిస్తూ ఉంటాను. మాట ఏదీ నేను వినలేదు. పెంకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినలేదు. అది ప్రమాణం చేసి చెప్పగలను.

కానీ ఆ రోజు నా మీద బరువుంది. గాలికి చెమ్మ పట్టి పేము బరువెక్కిందనుకున్నాను. చెమ్మ పట్టిన పేము బరువెక్కడం నిజమే. ఆమె గుమ్మం దాటాక ఆ బరువు ఎడమ పక్క పాత పల్లంలోంచి మెల్లిగా లేచి వెళ్ళిపోయింది. చెమ్మ అలా లేచి వెళ్ళదు.